పుస్తకంలోంచి కోసిన చంద్రకాంత

పాయింట్ కుక్, మెల్‌బోర్న్
ఫిబ్రవరి 11

మావయ్యా,

స్వరపేటిక తీసేశాక ఫోన్లో మీతో మాట్లాడే దారి లేకుండా పోయింది. మెసేజీలు పెడితే తంతి కొట్టినట్టుంటుంది, రాస్తే ఉత్తరమే రాయమ్మా అని క్రిస్మస్ సెలవుల్లో మీరు పలక మీద రాసి చూపించారు. సరేనని వచ్చి రెండు నెలలు కావస్తోంది. ఇప్పటికి కూర్చున్నాను. ఇందులో నా అవసరం కూడా ఉందని ముందే ఒప్పుకుంటున్నాను.

బ్యాంకు ఉద్యోగం మానేసి ఇళ్ల లోపలి అలంకరణ పని మొదలుపెట్టి రెండేళ్లయింది కదా. ఇన్నాళ్లూ వంటింటి అలమరలూ పూజగది తలుపులూ తప్ప చెప్పుకోదగ్గ పని తగల్లేదు. ఇప్పుడు తగిలింది. క్లైడ్ నార్త్‌లో డాక్టర్ కిరణ్మయి గారని, మత్తుమందు డాక్టరు, ఆవిడా వాళ్లాయన రాహుల్ గారూ కొత్తగా కట్టుకున్న ఇల్లు. బయటి నుంచి చూస్తే ఆ వీధిలో అన్నిటిలాంటిదే. లోపల మాత్రం పాత ఫ్రెంచి పద్ధతిలో కావాలన్నారు. గోడలకి చెక్క పట్టీలు, పైకప్పు అంచున నగిషీ, భోజనాల గదిలో చలిమంట గూటికి అటు ఆరూ ఇటు ఆరూ బంగారు రంగు ఫ్రేముల్లో పాత ఫ్రెంచి బొమ్మలు. "ఇప్పుడు అచ్చేసిన నకళ్లు వద్దు వైశాలీ. అసలువే కావాలి. పండ్లే కావాలి" అన్నారావిడ. ఇల్లు పూర్తయ్యాక ఒక పత్రికవాళ్లు వచ్చి ఫోటోలు తీసుకుంటారట. అది జరిగితే నా పని నిలదొక్కుకున్నట్టే.

పోయిన శనివారం బల్లారట్ దగ్గర ఒక పాత ఇంటి సామాన్ల వేలంలో నా అదృష్టం కనపడింది. పండ్ల చెట్ల మీద ఫ్రెంచి పుస్తకం, 1840 ప్రాంతానిది. తోలు అట్ట చివికింది కానీ లోపల నలభై ఎనిమిది బొమ్మలూ పదిలంగా ఉన్నాయి. పగిలిన దానిమ్మ ఒకటుంది, గింజ గింజకీ వెలుగు పడ్డ చోట చుక్కంత తెలుపు వదిలాడు ఆ చిత్రకారుడు. మా ఆయన కౌశల్‌కి చూపిస్తే ఆఫీసు కాల్ మధ్యలో కూడా హెడ్‌ఫోన్ తీసి చూశాడు.

మీరు మొక్కల శాస్త్రవేత్త, ఇలాంటి పుస్తకాల మధ్యే బతికారు. రెండు సంగతులు చెప్పండి. రంగులు చేత్తో వేసినవో కాదో ఎలా తెలుస్తుంది? కుట్టు దగ్గర చిరక్కుండా బొమ్మల్ని పుస్తకంలోంచి ఎలా విడదియ్యాలి?

ఈ పిచ్చి నాకు అంటించింది మీ హాల్లో ఉన్న చంద్రకాంత పూల బొమ్మే. ఈ దేశం వచ్చిన కొత్తలో మీ ఇంట్లో ఉన్న ఆరు నెలలూ దాని ఎదురుగానే అన్నం తినేదాన్ని. పాడింగ్టన్ సంతలో అత్తయ్య కోసం కొన్నారట కదా. నాకూ అలాంటి కన్ను వస్తే చాలు.

అత్తయ్యకి నమస్కారాలు.

వైశాలి


పెండిల్ హిల్, సిడ్నీ
ఫిబ్రవరి 21

అమ్మా వైశాలీ,

నీ ఉత్తరం మీ అత్తయ్యే విప్పి, గట్టిగా చదివి వినిపించింది. నా చెవులు బాగానే పనిచేస్తున్నాయని ఎన్నిసార్లు రాసి చూపించినా, గొంతు పోయినవాడికి చెవులు కూడా పోయి ఉంటాయన్నట్టే అరిచి చదువుతుంది. మెడ దగ్గర గొట్టం అలవాటవుతోంది. నీళ్లు లోపలికి పోతాయని స్నానానికే భయం.

మొదటి ప్రశ్నకి జవాబు. భూతద్దం పెట్టి చూడు. ఈ కాలం అచ్చయితే రంగంతా సన్నటి చుక్కలుగా విడిపోతుంది. చేత్తో వేసిందైతే తడిసి ఆరిన అంచు ఉంటుంది, అక్కడక్కడ గీత దాటి బయటికి వస్తుంది. ఆ రోజుల్లో ఆడవాళ్లూ పిల్లలూ బల్ల చుట్టూ కూర్చుని, ఒకరు ఆకుపచ్చ, ఒకరు ఎరుపు, అలా వరసగా వేసేవాళ్లట. ఇంకొకటి. బొమ్మ చుట్టూ వేలితో తడిమి చూడు. అచ్చు వేసిన రాగిరేకు నొక్కుకున్న పల్లం తగలాలి. తగిలిందంటే అసలుదే.

రెండో ప్రశ్నకి జవాబు నాకు తెలుసు. చెప్పను. బొమ్మల్ని కొయ్యొద్దు. కారణం ఇప్పుడు అడగకు. ఈ ఒక్కసారికి మావయ్య మాట మీద ఆగు.

ఈ ఉత్తరం మీ అత్తయ్యకి చూపించకుండా నేనే వెళ్లి డబ్బాలో వేస్తాను.

ద్వారకానాథ్


పాయింట్ కుక్
మార్చి 3

మావయ్యా,

మీ ఉత్తరం అందింది. నిజం చెప్పాలంటే కాస్త కష్టమనిపించింది. కారణం చెప్పకుండా వద్దంటే చిన్నప్పుడు మా అమ్మ "అటు వెళ్లకు" అన్నట్టుంది. నాకు ముప్పై ఆరేళ్లు.

ఈ వ్యాపారంలో ఉన్నవాళ్లంతా చేసేదే ఇది. మీరు ఏ దుకాణంలోనైనా ఫ్రేములో చూసే పాత ఫ్రెంచి పువ్వూ పిట్టా ఏదో ఒక పుస్తకంలోంచి వచ్చిందే. పైగా ఈ పుస్తకాన్ని ఆ ఇంట్లో ఎవరైనా చూశారనుకుంటున్నారా? గొర్రెల మందుల క్యాటలాగుల కింద పెట్టెలో ఉంది. నూట ఎనభై ఏళ్లు చీకట్లో ఉన్న దానిమ్మ పండు వెలుగులోకి వచ్చి, పదిమంది అన్నం తినే గదిలో ఉంటే దానికి అవమానమా, గౌరవమా? పుస్తకం నాది. నేను దొంగతనం చెయ్యడం లేదు.

భూతద్దం పెట్టి చూశాను. మీరు చెప్పినట్టే ఉంది. ఒక బేరిపండు బొమ్మలో ఆకుపచ్చ గీత దాటి కాడ పక్కకి జారింది. తుడవబోయిన వేలి గుర్తు కూడా ఉంది. ఏ పిల్లదో.

ఇంకా కొయ్యలేదు. కానీ కిరణ్మయి గారు ఈ నెలాఖరుకి గది సిద్ధం కావాలంటున్నారు. వెస్ట్‌గేట్ వంతెన దాటి అంత దూరం వారానికి మూడుసార్లు వెళ్లొస్తున్నాను. మీ దగ్గర బలమైన కారణం ఉంటే చెప్పండి. లేదంటే నా పని నన్ను చేసుకోనివ్వండి. కోపంతో రాశానని అనుకోవద్దు.

వైశాలి


పెండిల్ హిల్
మార్చి 14

వైశాలీ,

కారణం అడిగావు. చెప్తున్నాను. ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు, మీ అత్తయ్యకి కూడా. నీ జవాబు ఆమె కంట పడకముందే డబ్బాలోంచి నేనే తీసుకుంటాను.

మా హాల్లో ఉన్న చంద్రకాంత బొమ్మ నేను ఏ సంతలోనూ కొనలేదు. విశ్వవిద్యాలయం లైబ్రరీ పుస్తకంలోంచి కోసి తెచ్చాను.

1986 సంగతి. నేను గోధుమకి వచ్చే తుప్పు తెగులు మీద పరిశోధన చేస్తున్నాను. మీ అత్తయ్య బందరు నుంచి వచ్చి ఏడాది. ఏడో నెలలో కాన్పు అయింది. ఆడపిల్ల. ఒక పూట కూడా బతకలేదు. ఇక్కడ మాకు ఎవరూ లేరు. ఆస్పత్రి నుంచి వచ్చాక కాత్యాయని మంచం దిగలేదు, ఏడవలేదు, తల దువ్వుకోలేదు. నేను అన్నం వండి పక్కన పెట్టి వెళ్లేవాణ్ణి. సాయంత్రం వచ్చేసరికి అది అలాగే ఉండేది. ఒకరోజు మాత్రం ఒక మాటంది. "మా ఇంటి వెనక ఈ వేళకి చంద్రకాంతలు విచ్చుకుంటాయి" అని. అంతే. మళ్లీ గోడవైపు తిరిగింది.

ఆ వారంలోనే లైబ్రరీలో తెగుళ్ల పుస్తకాల కోసం వెళ్లినప్పుడు పక్క బీరువాలో ఫ్రెంచి పూల పుస్తకం కనపడింది. ఊరికే తిప్పాను. నలభై ఒకటో బొమ్మ చంద్రకాంత. ఒకే కొమ్మకి ఎర్రవీ పసుపువీ రెండూ పూసినవి, కింద మిరియం గింజలాంటి నల్లటి విత్తనం. నా చొక్కా జేబులో లాబొరేటరీ బ్లేడు ఉంది. మధ్యాహ్నం మూడు గంటలు. కిటికీ దగ్గర ఒక ఉద్యోగి పుస్తకాలు సర్దుతున్నాడు. అతను బండి తోసుకుంటూ అవతలి వరసలోకి మళ్లేదాకా ఆగాను. ఆ ఆగడం ఉంది చూశావూ, అదీ నన్ను వదలనిది. బాధలో చేశానని చెప్పుకోవచ్చు. కానీ ఆగానంటే, తప్పని తెలిసే చేశాను.

సంతలో కొన్నానని చెప్పి ఇచ్చాను. కాత్యాయని చాలాసేపు చూసింది. తర్వాత ఏడ్చింది, ఆస్పత్రి నుంచి వచ్చాక మొదటిసారి. మర్నాడు లేచి తలంటుకుంది. ఇక ఆ అబద్ధం వెనక్కి తీసుకోవడం నావల్ల కాలేదు. అదే విశ్వవిద్యాలయంలో ఇరవై ఆరేళ్లు పాఠం చెప్పాను. పుస్తకం పాడుచేసిన విద్యార్థులని మందలించాను కూడా. పోయినేడు ఆపరేషన్ బల్ల మీద పడుకోబెట్టినప్పుడు నాకు చావు భయం కంటే ముందు తట్టిన ఆలోచన, ఇక ఇది నోటితో చెప్పే వీలు పోతోందే అని.

నీ పుస్తకం నీదే, నిజం. చట్టం నిన్నేమీ అనదు. నాదీ నీదీ ఒకటని నేననను. కానీ బ్లేడు దిగాక ఆ పుస్తకం ఇక పుస్తకంగా ఉండదమ్మా. అది చూసినవాణ్ణి కనక వద్దన్నాను.

ద్వారకానాథ్


పాయింట్ కుక్
మార్చి 23

మావయ్యా,

మీ ఉత్తరం కారులో కూర్చుని చదివాను. చదివి ఇంట్లోకి వెళ్లలేకపోయాను. కౌశల్ వచ్చి అద్దం మీద కొట్టాడు.

నేను మీకు అబద్ధం రాశాను. మూడో తేదీన ఇంకా కొయ్యలేదని రాశానే, అప్పటికే మూడు రోజులైంది. పన్నెండూ కోసేశాను.

మీ ఉత్తరం అందిన రోజు మధ్యాహ్నమే కోశాను. వద్దన్నారన్న రోషంతో కోశానేమో కూడా, ఇప్పుడు చెప్పలేను. డైనింగ్ టేబుల్ మీద తెల్ల దుప్పటి పరిచి, చేతికి గ్లౌజులు వేసుకుని, పెద్ద పవిత్రమైన పని చేస్తున్నట్టు మొదలుపెట్టాను. మొదటిది దానిమ్మ. కుట్టు దగ్గర బ్లేడు పెట్టి లాగితే చప్పుడు కూడా రాలేదు. అది తేలిగ్గా అయిపోవడమే నాకు భయమేసింది. మూడోదానికి భయం పోయింది. ఏడోదానికి పాట పెట్టుకున్నాను. పన్నెండూ అయ్యాక పుస్తకం మూశాను. మూతపడలేదు, మావయ్యా. నడుం దగ్గర వదులైపోయి ఒక పక్కకి వాలింది. అట్టలకి రబ్బరు బ్యాండు వేసి బీరువాలో పెట్టి, మీకు ఆ ఉత్తరం రాశాను. పిల్ల వేలి గుర్తున్న బేరిపండు గురించి రాశాను కదా. అదీ ఆ పన్నెండులో ఒకటే.

ఫ్రేములవాడి దగ్గర అన్నీ తయారైపోయాయి. చుట్టూ లేత రంగు గీతల అట్ట, బంగారు పూత ఫ్రేము. అందంగా ఉన్నాయి. అదే నా బాధ, చాలా అందంగా ఉన్నాయి.

మీ మీద నాకు కోపం లేదు. మీరు చెప్పింది చదివాక మిమ్మల్ని తక్కువగా చూడలేకపోయాను. ఆ పాపాయి సంగతి అత్తయ్య నాకు ఒక్కసారి కూడా చెప్పలేదు.

ఇప్పుడు నేనేం చెయ్యాలి? మీరేం చెయ్యబోతున్నారు?

వైశాలి


పెండిల్ హిల్
ఏప్రిల్ 6

అమ్మా వైశాలీ,

నిన్ను తిట్టే అర్హత నాకు లేదు. ఉన్నా తిట్టను. నువ్వు మూడు వారాల్లో ఒప్పుకున్నావు. నాకు ముప్పై ఎనిమిదేళ్లు పట్టింది.

నేను కాత్యాయనికి చెప్పేశాను. చెప్పానంటే రాసిచ్చాను. రెండు కాగితాలు. ఆదివారం టిఫిన్ అయ్యాక ఆమె ముందు పెట్టాను. అద్దాలు తుడుచుకుని చదివింది. నా ఉత్తరాలన్నీ అరిచి చదివే మనిషి, ఇది మాత్రం మనసులో చదువుకుంది. పూర్తయ్యాక కాగితాలు మడిచి పళ్లెం కింద పెట్టి, "ఇన్నేళ్లూ నేను ఎవరిదో సొత్తు ముందు నిలబడి ఏడ్చానన్నమాట" అంది.

నేను పలక అందుకున్నాను. "ఏమీ రాయకండి" అంది.

అంతే. ఇవాళ్టికి ఏడు రోజులు. అన్నం పెడుతుంది, గొట్టం శుభ్రం చేస్తుంది, మందు టైముకి ఇస్తుంది. మాట లేదు. నేను మాట్లాడలేను, ఆమె మాట్లాడదు. ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉందంటే ఫ్రిజ్ ఆగి మళ్లీ మొదలైనప్పుడల్లా ఉలిక్కిపడుతున్నాను. బొమ్మ గోడ మీదే ఉంది. దాని ముందు నుంచి వెళ్లేటప్పుడు తల తిప్పుకుంటోంది.

నా సంగతి నిశ్చయించుకున్నాను. ఆ బొమ్మ తీసుకెళ్లి లైబ్రరీలో ఇచ్చేస్తాను. ఏం జరిగితే అది జరుగుతుంది. పేరు రాయకుండా ఎవరో తెలియనివాడిలా పార్సిల్ చెయ్యొచ్చని కూడా ఒకరోజు ఆలోచించాను. నీకు దాచకుండా చెప్తున్నాను.

నీ విషయంలో ఇది చెయ్యి అని చెప్పలేను. తిరిగి కలిపినా ఆ పుస్తకం మునుపటిలా అవ్వదు, అది తెలుసుకుని ఆలోచించు. కలపకపోతే మిగిలిన ముప్పై ఆరింటికీ ఏదో ఒకరోజు ఇంకో గోడ దొరుకుతుంది, అది కూడా తెలుసుకో.

ద్వారకానాథ్


పాయింట్ కుక్
ఏప్రిల్ 28

మావయ్యా,

అత్తయ్య మాట్లాడిందా? ముందు అది రాయండి.

నేను కిరణ్మయి గారి దగ్గరికి వెళ్లాను. పన్నెండు ఫ్రేములూ కారులోనే ఉన్నాయి. దించకుండా లోపలికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాను. పూర్తి పుస్తకాన్ని కోశానని, కొయ్యకుండా ఉండాల్సిందని, తిరిగి కలిపించాలని అనుకుంటున్నానని.

రాహుల్ గారు కాఫీ కప్పు పక్కన పెట్టారు. ఆవిడ నింపాదిగా అడిగారు. "కోసింది కోసేశావు కదా. అతికిస్తే మునుపటిలా అవుతుందా?"

"అవదండీ."

"మరి నా గోడ మీద ఉంటే నష్టమేంటి? రోజూ నేను చూస్తాను. నీ బీరువాలో ఎవరు చూస్తారు?"

ఇదే మాట నేను మీకు రాశాను.  పాత దుకాణాల్లో ఎప్పుడో వందేళ్ల కిందటే విడిపోయిన విడి బొమ్మలు దొరుకుతాయి, వెతికి తెస్తానన్నాను.

"వందేళ్ల కిందట ఇంకెవరో కోస్తే అది తప్పు కాదా? నువ్వు కోస్తేనే తప్పా?" అన్నారు. అదీ నిజమే. "కాదనను. కానీ ఈ పుస్తకాన్ని కోసింది నేనండీ" అన్నాను. అంతకంటే చెప్పడం చేతకాలేదు.

అప్పుడావిడ గోడవైపు చూస్తూ అన్నారు. "మా నాన్న నూజివీడులో మామిడి తోటలు కౌలుకి చేసేవారు. ఏనాడూ సొంత చెట్టు లేదు. పండ్ల బొమ్మలే ఎందుకు కావాలన్నానో నువ్వు ఒక్కసారి కూడా అడగలేదు." నావైపు తిరిగారు. "తీసుకెళ్లు. మనసు లేకుండా ఇచ్చింది నాకొద్దు. మిగతా పని కూడా వేరేవాళ్లకి చెప్పుకుంటాం."

రాహుల్ గారు గేటు దాకా వచ్చారు. "తను నాలుగు నెలల నుంచి ఆ గోడ ముందు నిలబడి ఏ పండు ఎక్కడో లెక్కేసుకుంటోంది" అన్నారు, నిష్ఠూరంగా కాదు, ఊరికే చెప్పినట్టు. తిరిగి వస్తుంటే వంతెన మీద ట్రాఫిక్ ఆగింది. వెనక సీట్లో ఫ్రేములు ఒకదానికొకటి తగిలి చప్పుడవుతుంటే, నేను పుస్తకానికీ ఆవిడకీ కూడా అన్యాయం చేశాననిపించింది. ఒకటి సరిచెయ్యబోయి ఇంకొకటి.

పని పోయింది. పత్రికా పోయింది. కౌశల్ ఫ్రేముల వెనక మేకులు ఒక్కొక్కటీ తానే పీకి పెట్టాడు.

కాజిల్‌మెయిన్‌లో ఒక పుస్తకాలు కుట్టే ఆవిడ ఉన్నారు. డెబ్బై ఏళ్లుంటాయి. పన్నెండూ బల్ల మీద పరిచి చూసి, "ఇవి కోసినవాళ్లకి చెయ్యి బాగా కుదురు" అన్నారు. నేనేనని చెప్పాను. నావైపు చూడకుండా తల ఊపారు. పల్చటి జపాన్ కాగితం పట్టీలతో మొదళ్లకి కలుపుతారట. ఆ పన్నెండు చోట్లా పుట బిగుసుకుని తెరుచుకుంటుంది, మచ్చ కనపడుతుంది, దాచకూడదు కూడా అన్నారు. "ఎంతకాలం పడుతుంది?" అంటే "కోసినంత తొందరగా కాదు" అన్నారు. పుస్తకం అక్కడ వదిలేసి వచ్చాను.

కిరణ్మయి గారికి ఒక ఉత్తరం రాశాను. వాళ్ల నాన్నగారి తోటల గురించి ఎప్పుడైనా చెప్పాలనిపిస్తే వింటానని. జవాబు రాలేదు. రాకపోవచ్చు.

మీరు లైబ్రరీకి వెళ్లే రోజు చెప్పండి. నేను వస్తాను. మీ తరఫున మాట్లాడటానికి ఒక మనిషి కావాలి కదా.

వైశాలి


పెండిల్ హిల్
మే 26

అమ్మా వైశాలీ,

నువ్వొస్తానన్నావు. నీకు కబురు చెయ్యకుండానే వెళ్లొచ్చాం. కోపం తెచ్చుకోకు, ఎందుకో చదివితే నీకే తెలుస్తుంది.

ముందు చివర ఏమైందో చెప్తాను, నువ్వు కంగారు పడకుండా. నిన్న లైబ్రరీ నుంచి కాగితం వచ్చింది. ఇన్నేళ్ల తర్వాత, నేనే తెచ్చి ఇచ్చాను కనక, ఇక చర్య ఏమీ తీసుకోరట. పుస్తకాలు ఇంటికి తెచ్చుకునే నా హక్కు తీసేశారు. ఉద్యోగి ఎదురుగా కూర్చుని అక్కడే చదువుకోవచ్చు. న్యాయమే.

ఆరు వారాలు కాత్యాయని నాతో మాట్లాడలేదు. నేను లైబ్రరీవాళ్లకి రాసి రోజు ఖాయం చేసుకుని, ఆ కాగితం తెచ్చి ఆమెకి చూపించాను. ఆరోజు పొద్దున నేను బొమ్మ దించి దుప్పటిలో చుడుతుంటే, బీరువా తలుపు చప్పుడైంది. చూస్తే నేతచీర కట్టుకుని చెప్పులు వేసుకుంటోంది. "మీరొక్కరూ వెళ్లి అక్కడ పలక మీద గీస్తూ కూర్చుంటారా?" అంది. అవే ఆమె నాతో అన్న మొదటి మాటలు. రైలులో ఫ్రేమును తనే ఒళ్లో పెట్టుకుంది.

నేను చెప్పాల్సిందంతా ఇంగ్లీషులో ఒక కాగితం మీద రాసుకుని వెళ్లాను. అరుదైన పుస్తకాల గదిలో నలభై ఏళ్ల లైబ్రేరియన్ ఒకామె మమ్మల్ని కూర్చోబెట్టింది. కాగితం ఆమెకి ఇవ్వబోయాను. కాత్యాయని నా చేతిలోంచి తీసుకుంది. అద్దాలు పెట్టుకుని చదవడం మొదలుపెట్టింది. నేను, ద్వారకానాథ్‌ని, 1986 జూలైలో ఈ లైబ్రరీ పుస్తకంలోంచి ఈ బొమ్మ దొంగిలించాను. నా భార్యకి అబద్ధం చెప్పాను.

వైశాలీ, నేను రాసినప్పుడు అవి మాటలు. ఆమె గొంతులో "నేను" అని, "నా భార్య" అని వింటుంటే కూర్చున్న కుర్చీ చేతులు పట్టుకున్నాను. ఎక్కడా తగ్గలేదు, ఎక్కడా ఆగలేదు. పాపాయి సంగతి రాసిన చోట మాత్రం ఒక వాక్యం వదిలేసి ముందుకి వెళ్లింది. అది వాళ్లకి చెప్పాల్సిన పని లేదనుకుందేమో.

ఆ లైబ్రేరియన్ పుస్తకం తెచ్చి మెత్తటి దిండు మీద తెరిచింది. నలభై ఒకటో చోట కుట్టులో సన్నటి కాగితం అంచు మిగిలి ఉంది. బొమ్మ ఫ్రేములోంచి తీసి పక్కన పెట్టింది. కోత కోతకి సరిగ్గా సరిపోయింది. రంగే సరిపోలేదు. మా గోడ మీద ఎండ తగిలి ఎరుపు ఇటుకపొడిలా, పసుపు గడ్డిలా అయిపోయింది. పక్క పుటలో ఉన్న పువ్వు నిన్న వేసినట్టుంది. మన ఇంట్లో అందరూ అంత మెచ్చుకున్న బొమ్మ అసలెలా ఉండేదో మనలో ఎవరికీ తెలియదు. కోసినవాణ్ణి, నేనూ మర్చిపోయాను.

నేను పలక మీద రాసి అడిగాను, ఆ రోజుల్లో దీనికి ఎవరినైనా నిందించారా అని. ఆమె పాత ఫైలు చూసింది. 1991లో తనిఖీలో బొమ్మ లేదని తేలిందట. పుస్తకాలు సర్దే ఒక ఉద్యోగిని సంజాయిషీ అడిగారు. మరుసటి ఏడు అతను ఉద్యోగం వదిలి వెళ్లిపోయాడు. దీనివల్లేనా అంటే ఫైలులో అంతకంటే లేదంది. పేరు చెప్పలేనంది. అతని గురించి నేను చెయ్యగలిగింది ఏమీ లేదు. అది నాతోనే ఉంటుంది. ఆ ఫైలులో నా సంతకంతో ఒక కాగితం చేర్చమని మాత్రం అడిగాను. చేర్చారు.

అయిపోయింది, వెళ్దామని లేచాను. కాత్యాయని లేవలేదు. "మిగతావి చూడొచ్చా?" అని ఆ అమ్మాయిని అడిగింది. చూడొచ్చంది, చేతులు కడుక్కుని రమ్మంది.

మొదటి పుట నుంచి మొదలుపెట్టింది. ఒక్కొక్క పుటా రెండు చేతులతో తిప్పుతూ, అడ్డంగా ఉన్న పల్చటి కాగితం ఎత్తి చూస్తూ. పేరు తెలిసినవాటికి పేరు చెప్పింది. గన్నేరు. బంతి. కృష్ణ తామర. తెలియనివి వచ్చినప్పుడు నా వైపు చూసింది, నేను పలక మీద రాశాను. గంటన్నర పట్టింది. ఆ అమ్మాయి టీ తాగడానికి కూడా వెళ్లకుండా పక్కనే నిలబడింది. డెబ్బై రెండు బొమ్మల పుస్తకం. చివరిది చూసి మూయకుండా, దాని మీద చెయ్యి ఆనించకుండా, గాలిలోనే ఉంచింది.

తర్వాత తెలుగులో, నాకు మాత్రమే వినపడేలా అంది.

"ఇన్ని పూలున్న చోటినుంచి నాకు ఒక్కటి కోసుకొచ్చారా? నన్నే ఇక్కడికి తీసుకురావలసిందండీ. ఆరోజు లేచి వచ్చేదాన్ని."

ద్వారకానాథ్